కత్తెర పంచిన మాటలు

మా కాశిబుగ్గలో ముక్కుసూటి మనిషి అంటే కట్టయ్యే. చేనేత సొసైటీ నూలు ఒక్క పోగు కూడా ఇంటికి తీసుకుపోయినవాడు కాదు. ఆ మంచిపేరు ఒక్కటే అండగా ఎనభై ఒకటిలో సొసైటీ ప్రెసిడెంటు ఎన్నికకు నిలబడ్డాడు. ఎదురుగా పాత ప్రెసిడెంటు సారంగపాణి. నలుగురిలో నూలు తినలేదని ఒట్లు వేసే ఈ ఘనుడు, కట్టయ్య ఒంటరిగా దొరికితే మాత్రం తిన్నానని మీసం దువ్వేవాడు.

కట్టయ్య మండిపోయి కరపత్రం రాశాడు. సారంగపాణి మాటలు కొటేషన్ గుర్తుల మధ్య, తన జవాబులు బయట. దాన్ని కృపానందం ప్రెస్సుకు ఇచ్చాడు.

కృపానందం పద్ధతి లోకంలో ఇంకెక్కడా లేదు. ఒకరి మాట అచ్చుకు కూర్చిన చేత్తో ఇంకొకరి మాట కూర్చితే అబద్ధసాక్ష్యం చెప్పిన పాపం తగులుతుందని ఆయన నమ్మకం. అందుకని కొటేషన్ గుర్తు కనబడ్డ ప్రతిచోటా కాగితాన్ని కత్తిరించేవాడు. మొదటి ముక్క తనకు, రెండోది భార్య విమలకు, మూడోది మళ్లీ తనకు, పేకముక్కలు పంచినట్టు. తను కూర్చినవి రాసినవాడి పేరు కింద, ఆమె కూర్చినవి అవతలివాడి పేరు కింద అచ్చయ్యేవి. అక్షరాలు సరిచూసేవారే గాని, ముక్కలో విషయం చదివేవారు కాదు. పరుల మాట మనకెందుకు?

కోపంలో కట్టయ్య, సారంగపాణి మొదటి మాట చివర గుర్తు మూయడం మరిచాడు. ఇంకేముంది, అక్కడినుంచి ముక్కలన్నీ తారుమారు. కట్టయ్య పేరు కింద “నూలు నేనే తిన్న, ఎవడడుగుతడు” అని, సారంగపాణి పేరు కింద “అందరికి సమానంగ పంచుత” అని అచ్చయి, తెల్లారేసరికి మగ్గం మగ్గానికీ చేరింది.

కట్టయ్య ప్రెస్సు మీదికి పోయాడు. గుర్తు పెట్టనిది నువ్వే కదా అని కృపానందం శాంతంగా ముక్కలు చూపించాడు. కట్టయ్యకు తలకాయ కొట్టేసినట్టయింది. ఇక పేరు పోయింది, ఊళ్లో ఎట్లా తిరగాలని ఏడ్చాడు పాపం.

వాడలో మాత్రం లెక్క వేరేగా ఉంది. నూలు చుట్టే ముసలి సమ్మమ్మ అందరి ముందూ తేల్చి చెప్పింది.

“ఇన్నేండ్లు తిన్నోళ్లందరు తినలేదనే అన్నరు. ఒప్పుకున్నోడు గీడొక్కడే. నా ఓటు కట్టయ్యకే.”

మిగతావాళ్లూ సరేనన్నారు. సారంగపాణికి ఒళ్లు మండింది. మైకు కట్టించి, తిన్నది తానేనని, ఆ ఘనత ఇంకొకడికి పోనివ్వనని అరిచాడు. ఓట్ల కోసం ఎంతకైనా దిగజారతాడని జనం నవ్వారు.

ఓట్లనాడు సమ్మమ్మ సొసైటీ గడపలో కట్టయ్యను ఆపింది. చుట్టూ జనం.

“నిజం చెప్పు బిడ్డా. తిన్నవా?”

తినలేదంటే, తిని కాదన్న పాతవాళ్ల జాబితాలోకే పోతాడు. కట్టయ్య తల వంచుకున్నాడు.

“తిన్న పెద్దమ్మా. జర తిన్న.”

అందరూ మెచ్చుకోలుగా తలలాడించారు.

“అబద్ధం చెప్తాండు. గా కట్టయ్య ఒక్క పోగు ముట్టలే, నాకు తెల్సు” అని వెనకనుంచి సారంగపాణి గొంతు చించుకున్నాడు.

కట్టయ్య నిజాయితీకి ఆ రోజు కాశిబుగ్గలో సాక్ష్యం పలికినవాడు అతనొక్కడే. అతన్ని పక్కకు నెట్టేసి జనం ఓట్లు వేసి వచ్చారు.