గుమ్మం దగ్గరి గంప

మరిదికి బుర్ర ఉందని ఆమె ఏనాడూ అనుకోలేదు. అత్తగారు ఆరు నెలలు చెవిలో జోరీగలా పోరితే, ఆ పోరు పడలేక తను పనిచేసే కంపెనీలో ఉద్యోగం వేయించింది, అంతే. చేరిన మొదటిరోజే ఖరాఖండీగా చెప్పింది: "ఇక్కడ నన్ను వదినా అని పిలవకు. మేడమ్ అను." అతను తలూపాడు. తలూపడం ఒక్కటే అతనికి బాగా వచ్చని ఆమె అభిప్రాయం.

మనిషి వట్టి పొదుపు. ఎవరూ లేని గదిలో లైటు వెలుగుతుంటే ప్రాణం కొట్టుకుపోతుంది. ఒకవైపు వాడిన కాగితాలు దాచుకుని రెండోవైపు రాస్తాడు. ఆమె అతనికి పొదుపయ్య అని పేరు పెట్టి, భర్త ముందు కూడా అలాగే అంటుంది. భర్త వినీ విననట్టు ఊరుకుంటాడు.

వాళ్ల కంపెనీ అమ్మేది ఒకే ఒక్క ప్రోగ్రాము. కంప్యూటర్ డిస్కు మీద రాసే ప్రతి అక్షరాన్నీ అది రహస్యలిపిలోకి మార్చి పెడుతుంది. దొంగ డిస్కు ఎత్తుకుపోయినా ముక్క అర్థం కాదు. అందులో ముఖ్యమైన భాగమంతా ఆమె రాసిందే. తక్కినవాళ్లు దాన్ని పాడుచేయకుండా ఉంటే అదే పదివేలు అనుకుంటుంది.

సోమవారం పొద్దున ఆ ప్రోగ్రాము వాడే ఒక ఆసుపత్రి ల్యాబులో కంప్యూటర్లన్నీ ఒకేసారి బిగుసుకుపోయాయి. అప్పటిదాకా ఎక్కించిన రక్తపరీక్షల ఫలితాలు గల్లంతయ్యాయి. నలభైమందిని మళ్లీ పిలిచి సూది గుచ్చాల్సి వచ్చింది. యజమాని మూడింటికి మీటింగ్ పెట్టాడు. బాధ్యులెవరో తేలాలి, తేలినవాళ్లు రేపటినుంచి రానక్కర్లేదు అన్నాడు.

ఆమె కోడ్ తెరిచింది. తను విడిగా పెట్టిన మెమరీ అక్కడ లేదు. ఇలాంటి పొదుపు ఎవరు చేస్తారో తెలుసుకోవడానికి మార్పుల రికార్డు చూడనక్కర్లేదు. ఆ క్షణం ఆమెకు కోపం రాలేదు, సంతోషం వేసింది. ఇన్నాళ్లకు పీడ విరగడవుతుంది.

యజమానికి అమ్మకాలు తప్ప ఏమీ తెలియదు. మీటింగులో అందరి ముందూ ఆమె చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"మెమరీ ఒక గది అనుకోండి సార్. పని ఎక్కువైతే గది నిండిపోతుంది. అప్పుడు కొంత సామాను డిస్కు మీదికి మోయాలి. రహస్యలిపిలోకి మార్చి మోసేది మన ప్రోగ్రామే. మోయడానికి దానికో గంప కావాలి, అంటే ఇంకాస్త మెమరీ. గంప పెట్టాలంటే గదిలో చోటుండాలి. చోటు కావాలంటే సామాను మోయాలి."

"మోయాలంటే గంప కావాలి," అన్నాడు యజమాని.

"అదే సార్. ఇంక కంప్యూటరూ మన ప్రోగ్రామూ ఒకదాని మొహం ఒకటి చూస్తూ కూర్చుంటాయి. అందుకే నేను ముందే ఒక గంప గుమ్మం దగ్గర పెట్టాను. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎవరో మహానుభావుడు తీసేశాడు."

"నేనే తీశాను సార్," అన్నాడు మరిది. "ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉండేది. తప్పు నాదే."

"ఖాళీగా ఉండడమే దాని పని," అందామె. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు హాయిగా అనిపించింది.

అక్కడితో ఆగొచ్చు. కానీ ఆ కంపెనీలో ఒక నియమం ఉంది: ఒకరు చేసిన మార్పును ఇంకొకరు చదివి 'సరే' నొక్కితేగాని అది ప్రోగ్రాములోకి వెళ్లదు. గుడ్డిగా సరే కొట్టిన ఆ రెండో తెలివితక్కువ దద్దమ్మను కూడా పనిలోపనిగా సాగనంపొచ్చని ఆమెకు తోచింది.

"రికార్డు చూపిస్తాను సార్."

"ఇప్పుడు అదెందుకు మేడమ్," అన్నాడు మరిది, మెల్లగా.

భయపడుతున్నాడు అనుకుంది. గోడ మీది తెర నిండా రికార్డు తెరిచింది. పైన అతని పేరు, తేదీ. కింద అతను రాసిన నోటు.

'వదినా, ఈ మెమరీని ఎవరూ వాడడం లేదని తీసేస్తున్నాను. కానీ మీరు ఊరికే ఏదీ పెట్టరు. నాకు అర్థంకాని కారణం ఏదైనా ఉంటే వద్దనండి, అలాగే ఉంచేస్తాను.'

దాని కింద ఆమె పేరు, 'సరే'. నోటు తెరిచిన టైముకూ సరే నొక్కిన టైముకూ మధ్య మూడు సెకన్లు.

ఆమెకు గుర్తొచ్చింది. మొదటి మాట చూడగానే ఒళ్లు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పినా ఆఫీసులో ఈ చుట్టరికమేమిటని, తెర మీంచి అది పోతే చాలని నొక్కేసింది.

యజమాని తీరిగ్గా చదివాడు, రెండుసార్లు.

"మీరిది చదివారా?"

"లేదు సార్."

"ఎందుకని?"

అబద్ధం కోసం వెతికింది. ఒక్కటీ దొరకలేదు.

"వదినా అని రాశాడు సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మరిది తెర వైపు చూడనేలేదు. తన ముందున్న గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"నీళ్లు తాగండి, మేడమ్," అన్నాడు.