ఆ నురుగు నాది కాదు

నేను ఒక అంట్ల సబ్బుని. బిళ్ళని కాదు, సీసాలో ఉండేదాన్ని. నా ఒంటి మీద రెండు నిమ్మకాయల బొమ్మలున్నాయి గానీ, నిజం నిమ్మకాయను నేను చూసింది మా మంగతాయారు పులిహోర కలిపిన బేసిన్లోనే. అదీ పిండేసిన తొక్క. నేను పుట్టింది ఊరి బయట రేకుల షెడ్డులో, నీలం పీపాలో. ఒకావిడ తెడ్డు పెట్టి తిప్పుతున్నంతసేపూ నీళ్ళలాగే ఉన్నాను. పిడికెడు ఉప్పు జల్లి మళ్ళీ తిప్పితే అప్పుడు చిక్కబడ్డాను. సీసాలోకి దిగేసరికి నా పని ఏమిటో పైన అచ్చేసి ఉంది: జిడ్డు వదలగొట్టడం. ఆ ఒక్క పనీ చేసుకుంటూ సింకు పక్కన ఓ మూల కుదురుగా బతికేద్దామనుకున్నాను. కుదురన్నది నా సీసాలో పొయ్యలేదని తర్వాత తెలిసింది.

కాలవగట్టు రోడ్డు మీద బుల్లబ్బాయిగారి ఇంటికి వచ్చాను. మంగతాయారు ఆయన భార్య. మూత తియ్యగానే గిన్నెలో నీళ్ళు పట్టి, నన్ను ఒక్క చెంచాడు వంపి, "ఇది నెల రావాలి" అని నాకే చెప్పింది. రాకపోవడానికి కారణం ఆవిడ కాదు, ఆయన.

బుల్లబ్బాయిగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కదిలే బస్సులో నిలబడి బతికినవాళ్ళకి కదలని ఇంట్లో కూచోవడం చాతకాదు. పొద్దున్నే లేచి వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా, పెరటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా ట్రిప్పులు వేసేవారు. ఒకనాడు ఫోన్లో ఎవరో అమ్మాయి, అంట్ల సబ్బుతో మీకు తెలియని ఉపయోగాలంటూ చెబుతుంటే నోరు తెరుచుకుని చూశారు. అంతే. ఆ రోజు నుంచి నేను సింకు దగ్గర కనిపించడం మానేశాను.

కళ్ళజోడుకి ఆవిరి పట్టకుండా నన్నే రాశారు. కిర్రుమనే తలుపు బందుల్లో నన్నే పోశారు. మోపెడ్ టైరు గాలి దిగిపోతుంటే వాల్వు మీద నన్నే పూసి, చెవి పెట్టి విన్నారు.

"ఏవండీ, సబ్బెక్కడ?" అని వంటింట్లోంచి మంగతాయారు.

"టైరుకి."

"టైరుకి కూడా తిండి పెడుతున్నారా? ఇక్కడ అంట్లు ఎండి పెచ్చు కడుతున్నాయి."

ఆ ఇంట్లో మూడో మనిషి వేణి. అసలు పేరు వీరవేణి, వాళ్ళ కోడలు. భర్త చేపల లారీ తోలుకుంటూ హౌరా దాకా వెళతాడు. ఇంట్లో ఉన్న రోజులకన్నా దారిలో ఉన్న రోజులే ఎక్కువ. వేణికి ఎనిమిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, ఆ పుట్టింట్లో తల్లి లేదు. వేణి చిన్నప్పుడే, తమ్ముణ్ణి కంటూ పోయింది. పెళ్ళిచూపుల్లో ఆ మాట విన్నప్పుడే మంగతాయారు, "దీనికి నేనున్నాను" అనేసింది. ఇప్పుడా మాట ఆవిడ గుండెల మీద బండలా కూచుంది. వేణి నడుస్తుంటే ఆవిడ కళ్ళు ఆ పిల్ల పాదాల మీదే.

కొత్త గ్యాసు బండ వచ్చిన రోజున బుల్లబ్బాయిగారు నన్ను నీళ్ళలో కలిపి రెగ్యులేటరు చుట్టూ పూశారు.

"వేణమ్మా, ఇలా రా. చూడు. బుడగ లేవలేదంటే క్షేమం. లేచిందంటే లోపల్నుంచి ఏదో తన్నుకొస్తోందన్నమాట. నురుగు ఊరికే రాదు."

"అలాగేనండి మావయ్యగారూ," అంది వేణి, నవ్వు ఆపుకుంటూ.

ఆ మాట అన్న మనిషే దాన్ని మర్చిపోతారని అప్పుడు నేననుకోలేదు.

చిక్కుడు పాదుకి పేనుబంక పట్టింది. బకెట్టు నీళ్ళకి చెంచాడు చాలన్నది ఫోన్లో అమ్మాయి. ఈయన గరిటెడు పోశారు. పేనుబంక పోయింది, వెనకాలే ఆకులూ పోయాయి.

"ఎండలు మండిపోతున్నాయి కదే," అన్నారు ఆయన ఆకాశం వంక చూస్తూ.

"ఎండ ఒక్క చిక్కుడు పాదు మీదే కాసిందా? పక్కన బెండ మొక్కకి గొడుగేమైనా పట్టారా?"

తర్వాత పెరట్లో లెట్రిన్ పూడుకుపోతే నన్ను సగానికి సగం అందులో వంచి బకెట్టు వేడినీళ్ళు గుమ్మరించారు. పూడిక వదిలిన మాట నిజం. నురుగు మాత్రం పొంగి గుమ్మం దాకా వచ్చింది. ఎరక్క వెళ్ళిన వేణి కాలు జారి, తలుపు పట్టుకుని ఎలాగో నిలబడింది. మంగతాయారు పరుగెత్తుకొచ్చి కోడల్ని పట్టుకుంది.

"దానికేమైనా అయితే పైనున్న ఆ తల్లికి నేనేం చెప్పుకోను?" అంది మొగుడితో.

బుల్లబ్బాయిగారు తల వంచుకున్నారు. "ఇంక అందులో పొయ్యను. ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకున్నారు. ఆ సంగతి ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత వేణి ఉంగరం వేలికి పట్టేసింది. బుల్లబ్బాయిగారికి పండగొచ్చినట్టయింది. నన్ను వేలి చుట్టూ రాసి, దారం చుట్టి, నెమ్మదిగా తిప్పుతూ లాగేశారు. ఆ ఉంగరాన్ని పక్కింటి సుందరమ్మకి గోడ మీంచి చూపించి మరీ వచ్చారు. ఉంగరం ఎలా వచ్చిందని అందరూ అడిగారు. వేలు ఎందుకు లావయిందని ఒక్కరూ అడగలేదు. ఆ వేలు చుట్టి వచ్చినదాన్ని కనక చెబుతున్నాను: దారం ఒత్తుకున్న చోట పడ్డ గాడి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"నెలలు నిండుతుంటే నీరు రాదూ? మావాడు కడుపులో ఉన్నప్పుడు నా కాళ్ళు అరటి దూటల్లా ఉండేవి," అని మంగతాయారు కోడలి మజ్జిగలో ఉప్పు మానేసింది. తలనొప్పి అంటే శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసింది. పోయిన నెల ఆస్పత్రిలో అంతా బాగుందన్నారు. మళ్ళీ వెళ్ళాల్సిన రోజు ఇంకా రాలేదు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అయినా నాకు సీసాలో నిలకడగా ఉండబుద్ధి కాలేదు.

ఓ పొద్దున వేణి పెరట్లోంచి వచ్చి అత్తగారి చెవిలో, "అత్తయ్యా, మావయ్యగారు మళ్ళీ అందులో సబ్బు పోసినట్టున్నారు. నురుగుగా ఉంది," అంది.

మంగతాయారు గరిట పట్టుకునే వీధిలోకి వెళ్ళింది. "ఒట్టన్నారు?"

"నేను పొయ్యలేదే."

"చిక్కుడు పాదు ఎండకి పోయిందన్న నోరే కదా ఇది."

ఒక అబద్ధం చెప్పినవాడి నిజానికి ఈ ఇంట్లో చెల్లుబాటు లేదు. నేను గిలగిల్లాడాను. నాలోంచి చుక్క పోలేదు. నేను ఎక్కడి దాకా ఉన్నానో సీసా మీద గీతలా కనిపిస్తూనే ఉంది. ఆ నురుగు నాది కాదు. చెప్పడానికి నాకున్నదల్లా ఒక మూత, అదీ నాకై నేను తెరుచుకోలేనిది.

మర్నాడూ నురుగే. కోడలు మళ్ళీ జారుతుందేమోనన్న భయంతో మంగతాయారు నన్ను తీసుకెళ్ళి బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టి, తాళం వేసి, చెవి నడుముకి దోపుకుంది. అంట్లకి బూడిద, కొబ్బరి పీచు తీసింది. కలరా ఉండల వాసనలో, చీకట్లో, చెవులు రిక్కించుకుని ఉండిపోయాను.

తర్వాతి పొద్దున మళ్ళీ వేణి గొంతు. నీరసంగా ఉంది. "అత్తయ్యా, ఇవాళ ఇంకా ఎక్కువగా ఉంది."

మంగతాయారు అడుగులు వీధి వైపు దడదడా వెళ్ళాయి. "ఇంకో సీసా కొన్నారా? ఎక్కడ దాచారు?"

"ఏ సీసా? నా జేబులు చూసుకో. కొట్టుకెళ్ళి అడుగు. ఉన్న ఒక్కటీ నీ బీరువాలోనే ఉంది కదే. తాళం నీ నడుం మీదే..."

ఆయన మాట అక్కడ ఆగిపోయింది. ఆ ఇంటికొచ్చాక, ఆయన అడుగుల చప్పుడు పూర్తిగా ఆగిపోవడం నేను విన్నది అప్పుడే.

"మంగా. సబ్బు బీరువాలో ఉంటే, నురుగెక్కడిదే?"

ఆవిడ నడుం దగ్గర తాళంచెవి చప్పుడైంది.

"నురుగు ఊరికే రాదు," అన్నారు ఆయన, మెల్లిగా, తనతో తనే అన్నట్టు. తర్వాత కోడలు ఉన్న గదిలోకి వచ్చారు. మామగారు అడగకూడని మాటలని అన్నాళ్ళూ ఎడంగా ఉన్న మనిషి మంచం పక్కనే నిలబడ్డారు. "అమ్మా, తలనొప్పి తగ్గిందా?"

"లేదండి. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నట్టుంది."

"చెయ్యి ఏదీ?" మంచం కిర్రుమంది. "ఉంగరం తీసిన నాటికన్నా ఉబ్బిందే. మంగా, బయల్దేరు."

బీరువా తలుపు భళ్ళున తెరుచుకుంది. మంగతాయారు బట్టల మధ్య దాచిన డబ్బు తీసుకుంటూ నన్ను పడగొట్టింది, లేపి నిలబెట్టలేదు. రోడ్డు మీంచి బస్సు చప్పుడు, దాని మీంచి బుల్లబ్బాయిగారి కేక: "హోల్డాన్." బస్సు కీచుమని ఆగింది. "మా కోడలికి బాగాలేదు బాబూ. పెద్దాసుపత్రి దాకా దారిలో ఎక్కడా ఆపకు." ఎవరో సరేనన్నారు. "రైట్, రైట్." ఆ మాటలో ఎప్పటి హుషారు లేదు.

తర్వాత ఇల్లంతా చడీచప్పుడూ లేదు. నేను పట్టుచీర మీద అడ్డంగా పడి, మూత సందులోంచి బొట్టు బొట్టుగా కారుతూ ఉన్నాను. ఆగమంటే ఆగలేకపోయాను. సింకులో అంట్లు ఎండుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఎన్ని పొద్దులు గడిచాయో లెక్క లేదు.

ఆఖరికి వీధి తలుపు తీసిన చప్పుడైంది. బుల్లబ్బాయిగారు ఒక్కరే వచ్చారు. నన్ను తీసి, చీరకంటిన మరక చూసి, "దీనికి నన్ను చంపుతుంది," అనుకున్నారు. తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, అంట్లు తోమడం మొదలుపెట్టారు. ఆ ఇంటికొచ్చాక ఆయన నన్ను నా పనికి వాడటం అదే మొదలు.

గోడ అవతల నుంచి సుందరమ్మ తల ఎత్తి చూసింది. "ఏమైందండీ? వేణి ఎలా ఉంది?"

"ఆపరేషన్ చేశారమ్మా. ఆడపిల్ల. నా అరచేతిలో పట్టేంత ఉంది. వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టారు. తల్లి ఇవాళ లేచి కూచుని ఇడ్లీ తింది."

"బీపీ అన్నారట?"

"ఇంకో పూట ఆగితే ఫిట్స్ వచ్చేవన్నారు డాక్టరమ్మ. మూత్రంలో ఆ నురుగు ఒంట్లోంచి సత్తువ పోతున్న గుర్తట."

"మరి మీరు ఈ అంట్లేమిటండీ?"

"చేతులు ఊరుకోవడం లేదమ్మా," అన్నారు. ఒకటే గిన్నెని చాలాసేపు తోముతూ ఉండిపోయారు.

తల్లీ పిల్లా ఇంటికొచ్చేసరికి నేను అడుగంటాను. మంగతాయారు నాలో నీళ్ళు పోసి ఊపి ఓసారి, మళ్ళీ పోసి ఊపి ఇంకోసారి వాడింది. నీళ్ళకి నా రంగంటినంత కాలం నన్ను వదలలేదు. ఇప్పుడు పెరట్లో మేకుకి తగిలించిన సంచీలో, ఉల్లిపాయలిచ్చి పాత సామాన్లు కొనేవాడి కోసం చూస్తూ ఉన్నాను. బుల్లబ్బాయిగారు పిల్లని భుజాన వేసుకుని, ఆ రెండు గుమ్మాల మధ్యా ట్రిప్పులు మళ్ళీ మొదలుపెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి నా ఉపయోగాలన్నీ వరసగా చెబుతారు: కళ్ళజోడు, టైరు, గ్యాసు బండ, ఉంగరం.

"అసలుది మర్చిపోయారు," అంటుంది మంగతాయారు. "బీరువాలో పెట్టి తాళం వెయ్యడం."

కోపం రాలేదు నాకు. చుక్క కదలకుండా చేసిన పని అదొక్కటే.

ఆస్పత్రివాళ్ళు కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉండమన్నారు. పొద్దున్నే వేణి పెరట్లోకి వెళ్ళి వస్తుంటే మంగతాయారు సింకు దగ్గర కొళాయి కట్టేసి, చెయ్యి ఆపి నిలబడుతుంది.

"ఏమ్మా?"

"ఏం లేదత్తయ్యా. బాగానే ఉంది."

వీధి గుమ్మంలో ఆగిన అడుగులు మళ్ళీ కదులుతాయి. అప్పుడు కొళాయి తిప్పుతుంది. సింకులో తెల్లగా నురుగు లేస్తుంది. కొత్త సీసాది. అది మాత్రం మావాళ్ళదే.