లోపలి నుంచి వేసుకునే తలుపు

"కుట్టేవాళ్లు కుట్టాలి, గీసేవాళ్లు గీయాలి. మధ్యలో నీకెందుకీ తలనొప్పి?" అన్నారు మా ఆయన. ఆ సమయానికి ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుడుతున్నది నేను. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. నా చెవులు వాటి మీద ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో నా చేతులకూ చెవులకూ వేర్వేరు ఉద్యోగాలు.

ఇంటి బయట మాత్రం ఇద్దరిదీ ఒకటే కార్ఖానా. వరదల్లో, భూకంపాల్లో ఇళ్లు పోయినవారి కోసం మడిచి పంపే గుడ్డ గుడారాలు అక్కడ తయారవుతాయి. ఆయన సామాన్ల గది గుమాస్తా, నేను కుట్టు విభాగానికి పెద్దను. ఈసారి వచ్చిన కొత్త నమూనా ముచ్చటైనదే. వంగే గొట్టాలు తొడిగి పది నిమిషాల్లో నిలబెట్టవచ్చు. నేలగుడ్డను గోడలతో కలిపి కుడతాం కనుక నీళ్లు లోపలికి రావు. లోపమల్లా తలుపులో ఉంది. జిప్పు లాగే పిడి బయటి వైపు మాత్రమే ఉంది. వాన తగలకుండా దాని మీద మడత కప్పిన కుర్ర ఇంజినీరుకు, లోపలివారు కూడా తలుపు వేసుకోవాలనుకుంటారని తోచలేదు. నేను చదివింది క్రైస్తవ సన్యాసినుల బడిలో. అక్కడ కుట్టును తిరగేసి చూసి మార్కులు వేసేవారు. దేన్నయినా లోపలి వైపు నుంచి చూడటం నాకు అక్కడ పడిన అలవాటు.

"చుట్టూ ఉండేది మనవాళ్లే కదా, తలుపెందుకు?" అన్నారాయన చొక్కా తొడుక్కుంటూ.

పక్క గదిలోంచి మా అత్తగారు అందుకున్నారు. "నీకేంరా. వరదొచ్చినప్పుడు పదకొండు రోజులూ గుడారంలో గుర్రుపెట్టావు. నేనూ నీ పెళ్లామూ బట్టలు మార్చుకోవాలంటే వంతులేసుకుని ఆ తలుపు గుడ్డ పట్టుకుని నిలబడ్డాం."

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకోబట్టే ఇన్నాళ్లూ నీకు తెలియలేదు."

మా కార్ఖానాలో నిద్ర పరీక్ష అని ఒక ఆచారముంది. కొత్త నమూనా ఏది వచ్చినా గోదాములో నిలబెడతారు, ఆఫీసులోని ఐదుగురు మగవాళ్లు మధ్యాహ్నం భోంచేసి అందులో పడుకుంటారు. టీ వేళ దాకా నిద్ర పడితే నమూనా నెగ్గినట్టే. ఇంతవరకూ ఏ గుడారమూ ఓడిపోలేదు. పడుకునే బాధ్యత ఏదున్నా ముందుకొచ్చే మా ఆయనది అందులో శాశ్వత స్థానం. ఆ రోజు మధ్యాహ్నం జరిగిన పరీక్ష కూడా అలాగే ముగిసింది. ఐదుగురూ ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చారు. మేనేజరు గారు అనుమతి కాగితం మీద సంతకం పెట్టబోయారు. పెడితే, మర్నాటి నుంచి నాలుగు వందల గుడారాలు అదే తలుపుతో కుట్టాలి.

"ఆగండి. ఇది ఆడవాళ్లకు పనికిరాదు" అన్నాను.

"పడుకోవడంలో ఆడా మగా తేడా ఏముంటుందమ్మా?" అన్నారు మేనేజరు గారు.

"పడుకోవడంలో లేదండీ. మెలకువగా ఉండటంలో ఉంది. ఒక్కసారి మీరే లోపలికెళ్లి తలుపు వేసుకోండి."

ఆయన నవ్వుతూ వెళ్లారు. లోపల తడుముకున్నారు. గుడ్డ అంచులు రెండూ దగ్గరికి లాగారు. కాసేపటికి, "ఎవరైనా బయటి నుంచి వేయండయ్యా" అన్నారు. వేశాను. గోదాము మసకగా ఉంది, గుడారంలో బల్బు వెలుగుతోంది. పలుచని గుడ్డ మీద మేనేజరు గారి నీడ నిలువునా పడింది. నాలుగు గోడల మధ్య ఉన్నాననుకున్న ఆ పెద్దమనిషి బెల్టు వదులు చేసుకున్నారు, పొట్టను తీరిగ్గా నిమురుకున్నారు, ఆపైన చొక్కా ఎత్తి వీపు గోక్కున్నారు. చూడటానికి వచ్చిన నా విభాగంలోని పద్దెనిమిది మంది ఆడవాళ్లూ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. ఇంజినీరు మాత్రం నవ్వడం లేదు. నీడనే చూస్తున్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా, "ఇంత స్పష్టంగా కనిపిస్తుందా?"

"ఇంతే. లోపలున్నవాళ్లకు మాత్రం తెలియదు."

"తలుపు తియ్యండమ్మా" అన్నారు లోపలి నుంచి.

"తీస్తానండీ. జిప్పుకు లోపల కూడా పిడి పెట్టాలి. బట్టలు మార్చుకోవడానికి ఒక మూల చుట్టూ ముదురు రంగు తెర కుట్టాలి. ఒప్పుకుంటారా?"

తీయడం నా చేతిలో ఉన్న ఆ రెండు నిమిషాలూ నేను ఆనందించాను. ఆ సంగతి దాచను.

ఆ తర్వాత జిప్పు తీశాను. బయటికొచ్చాక ఇంజినీరు ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మేనేజరు గారు బెల్టు సర్దుకున్నారు. "సరేనమ్మా, కుట్టండి. కానీ రోజువారీ పని ఆగకూడదు. సాయంత్రాలు మీరంతా ఓ రెండు గంటలు ఉండి చేసేయండి. కష్టంలో ఉన్న ఆడవాళ్ల కోసమే కదా, సేవ అనుకోండి" అన్నారు.

"అవునవును, పుణ్యమూ వస్తుంది" అన్నారు మా ఆయన, ఇంకా నిద్ర వదలని గొంతుతో.

నా వెనుక నవ్వులు ఆగిపోయాయి. ఆ పద్దెనిమిది మందిలో ఎవరి సాయంత్రం ఏ వంటింట్లో గడిచిపోతుందో నాకు తెలుసు.

"సేవ ఇంటి దగ్గర చేస్తున్నామండీ. ఇక్కడికి ఉద్యోగానికి వస్తాం. పిడి, తెర కూడా పనివేళల్లోనే కుడతాం. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు కాగితం మీద రాయండి."

మేనేజరు గారు నన్ను చూశారు, నా వెనుకవాళ్లను చూశారు, చివరికి గోడ మీద ఇంకా నీడ ఉందేమోనన్నట్టు గుడారాన్ని చూశారు. ఆరు రోజులు అదనం అని రాసి సంతకం చేశారు.

మా ఆయన మాత్రం నావైపే చూస్తున్నారు. సేవ ఇంటి దగ్గర చేస్తున్నామన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయారని ముఖం చెబుతోంది. నిజానికి నేనూ అక్కడే ఆగాను. దాని సంగతి కూడా ఆ సాయంత్రం, ఆయన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తేల్చవలసి ఉంది.