పెరట్లో మడమ గుంట

1995 ఫిబ్రవరి అయిదు, ఆదివారం. ఆ రోజు స్టీలు ప్లాంటు కాలనీలోని మా ఇంట్లో ఆవపెట్టిన అరటికాయ కూర, మజ్జిగ పులుసు. ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం కూర కాదు, రెండోసారి పులుసు వడ్డిస్తూ నా భార్య ఛాయ అడిగిన మాట.

"ఈసారి హ్యాండిల్ నేను పట్టుకోనా?"

నేను నవ్వాను. "కళ్లు తిరుగుతాయి నీకు. పడిపోతావు."

మా అమ్మ కనకరత్నం కంచంలోంచి తలెత్తకుండానే అంది. "మొగుడు ఎగరేస్తంటే చూడ్డం చాల్దేటి? చీర కట్టుకొని గ్రౌండులో గిరగిరా తిరుగుతాదట! సెక్టారంతా టికెట్ కొనుక్కొని వస్తారు."

ముగ్గురం నవ్వామనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే, ఛాయ తల వంచుకొని గరిటెను గిన్నె అంచుకి తుడుస్తోంది.

కాలేజీలో ఎన్.సి.సి.లో నాకు అంటుకున్న సరదా అది. తేలికైన బాల్సా చెక్కతో మూడడుగుల విమానం చేస్తాం. ముక్కున చిన్న డీజిల్ ఇంజను. రెక్క కొస నుంచి రెండు సన్నటి ఉక్కు తీగలు వచ్చి, మన చేతిలోని హ్యాండిల్‌కి తగులుకుంటాయి. వలయం మధ్యలో నిలబడి విమానంతోపాటే తిరుగుతూ, మణికట్టు పైకి వంచితే అది పైకి లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. మొదట ఎవరో ఒకరు దాన్ని నేలమీద ఆపి పట్టుకొని, సైగ చేయగానే వదలాలి. ఆ ఎవరో ఒకరు ఛాయ. పదకొండేళ్లు, పదకొండు విమానాలు.

నిజానికి నేను చేసేది బొమ్మ గీయడం, ఇంజను బిగించడం. రెక్కల పక్కటెముకలు కోసి, గరుకు కాగితంతో రుద్ది, పైన పల్చటి టిష్యూ కాగితం ముడత లేకుండా పరిచి, డోపు పూసేది ఆమె. డోపు అంటే ఆ కాగితాన్ని డప్పులా బిగించే ద్రవం, తల తిరిగేంత ఘాటు. అన్నం ఉడికేలోపు ఒక పూత, బట్టలు పిండేలోపు ఇంకో పూత. గ్రౌండులో జనం మాత్రం "పరబ్రహ్మం గారి విమానం" అనేవారు. నేను సరిదిద్దలేదు. ఇంధనంలో కలిపే ఆముదాన్ని ఇంజను చిమ్మితే, అది ఆమె ఎడమ భుజం మీద పడేది. అటునుంచి అటే క్లబ్బుకి వెళ్లినప్పుడు ఒకావిడ ముక్కు చిట్లిస్తే, "చీర మార్చుకొని రావల్సింది కదా ఛాయా," అన్నాను. మెల్లగానే అన్నాను. నేనెప్పుడూ గట్టిగా అరిచి ఎరగను. వీధిలో నాకు మంచి పేరు.

ఆ ఆదివారం తర్వాత ఆమె పన్నెండో విమానం మొదలుపెట్టింది. "ఇది నాది," అంది, పోట్లాటగా కాదు, తెలిసి ఉండాలన్నట్టు. బొమ్మ కూడా తనే గీసుకుంది. జూలై చివరికి తీగలు కట్టడం తప్ప అంతా అయిపోయింది. వానలు తగ్గాక చూద్దామన్నాను. ఆగస్టులో ఛాయకి మలేరియా మెదడుకెక్కింది. నాలుగు రోజుల్లో పోయింది.

విమానం ముందుగదిలో మేకుకి వేలాడుతూ ఉండిపోయింది. ఫ్యాను వేస్తే ముక్కు నావైపు తిప్పేది. ఫ్యాను వేయడం మానేశాను. కుడి రెక్క కింద, డోపు ఆరకముందే తాకిన ఆమె బొటనవేలి ముద్ర. లైటు వేసినప్పుడల్లా నా కళ్లు ముందు అక్కడికే పోయేవి.

అక్టోబరులో ధైర్యం చేసి దించాను. ఆమె కుట్టుపెట్టెలో ఒక హ్యాండిల్ దొరికింది. కోహ్కా బజారులో తెచ్చిన ప్లైవుడ్ ముక్కని కోసి, పాత చీర అంచు చుట్టి చేసుకుంది. వేళ్ల కోసం చెక్కిన నొక్కుల్లో నా వేళ్లు పట్టలేదు. తీగలు సాగదీసి చూద్దామని దాంతోపాటు పెరట్లోకి వెళ్తే, జామచెట్టు పక్కన నా కాలు చిన్న గుంటలో పడింది. అరచేయంత గుంట, నున్నగా ఉంది. అందులో రాత్రి కురిసిన వాననీళ్లు. చుట్టూ గడ్డి ఉంది, అక్కడ మాత్రం లేదు. కాలితో మట్టి తోయబోయాను.

"కప్పీయకండి అన్నయ్యగారూ!" పక్క క్వార్టరు మణిమాల గోడ మీంచి అరిచింది. "అది వదినమ్మ మడమది."

"మడమదేమిటి?"

"మీకు తెల్దేటి? మీరు ప్లాంటుకెళ్లాక, అమ్మగారు పడుకున్నాక, తాడుకి తాళం కప్ప కట్టి గిరగిరా తిప్పుతా తనూ తిరిగీది. తల తిరిగి చక్కర్ రాకుండా ప్రాక్టీసు. నేనిక్కణ్నుంచి ఒకటీ రెండూ అని చుట్లు గిన్తీ చేసీదాన్ని. మొదట అయిదు చుట్లకే పడిపోయింది. కప్ప ఎల్లి గోడకి కొట్టుకుంది. జూన్‌కి ముప్పై! ఊగనైనా ఊగలేదు."

ఆ కప్పకి సొట్ట ఉంది. రోజూ నేను ఇంటికి వేసి తీసే తాళమే. "తాళం కూడా జాగ్రత్తగా వాడలేవా?" అని అడిగాను ఒకసారి. చేయి జారిందంది.

"నన్నూ తిప్పింది," అంది మణిమాల, సిగ్గుపడుతూ. "ఫస్ట్ డే కక్కీసేను. ఇప్పుడు ఇరవై."

హ్యాండిల్ గోడ మీదుగా అందించాను. ఆమె చేయి పమిటకి తుడుచుకొని పట్టుకుంది. గాజుల చేతికి అది అమర్చినట్టు సరిపోయింది. మరుక్షణమే తిరిగి ఇచ్చేయబోయింది.

"వద్దన్నయ్యగారూ. విమానం విరిగిపోతే? వదినమ్మది అదొక్కటే కదా మిగిలింది."

ఆ భయం నాకూ ఉంది. రెండు నెలలుగా ఉంది. "మేకుకి వేలాడదీయడానికి చెయ్యలేదమ్మా తను," అన్నాను.

ఆదివారం గ్రౌండులో నేను మోకాళ్ల మీద కూర్చొని విమానం పట్టుకున్నాను. జీవితంలో మొదటిసారి అక్కడ కూర్చోవడం. ఇంజను వణుకు మోచేతుల దాకా ఎక్కింది. ఆముదం చెంప మీద, ఎడమ భుజం మీద పడింది. అక్కడినుంచి చూస్తే మధ్యలో నిలబడిన మనిషి చాలా దూరం. ఎప్పుడు చేయెత్తుతారా అని కాచుకోవడమే పని. మణిమాల చేయెత్తింది. వదిలేశాను.

మొదటి చుట్టులో గడ్డికి జానెడు ఎత్తులోకి దిగిపోయింది. రెండో చుట్టులో లేచింది. వెనక్కి జరిగి లెక్కపెట్టాను. పదిహేను. ఇరవై. మణిమాల హద్దు అదే. ఇరవై ఒకటి. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఇరవై ఆరో చుట్టులో నూనె అయిపోయి ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో విమానం ఒక్క గీత పడకుండా నేలకి దిగింది. మణిమాల అప్పుడు కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. అమ్మ నా చొక్కా మీద మరక చూసింది.

"ఎగిరిందేటి?"

"ఎగిరింది. ఇరవై ఆరు చుట్లు."

"మణిమాల పడిపోనేదు కదా?"

"లేదు."

అమ్మ పెరటివైపు చూసింది. "ఛాయ ముప్పై తిరిగీది."

"నీకు తెలుసా? నువ్వు పడుకునేదానివిగా?"

"ముసల్దానికి మధ్యాన్నం నిద్రేటిరా. కిటికీలోంచి చూసీదాన్ని. మొదట్రోజు తిడదారనే లేచేను. పడింది, మట్టి దులుపుకొంది, మళ్లీ మొదలెట్టింది. నోరు రానేదు నాకు."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేమమ్మా?"

"చెప్తే నువ్వు మానిపించీవోడివి," అంది అమ్మ. "మెల్లగా, బుజ్జగించి."

ఆవిడ లేచి పెరటి గుమ్మం దాకా వెళ్లింది. జామచెట్టు పక్కన గుంట వైపు చూసింది. తర్వాత, అవతల తిరుగుతున్న మనిషికి లెక్క తప్పకూడదన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసింది.