ఒలీటా మెడలో తాళంచెవి

ఒలీటా కాపలా ఉన్న బల్ల మీద నుంచి తూటా ఒక్కటి ఎత్తుకుపోవడం కూడా ఎవరి తరమూ కాదని ఓక్లహోమా తుపాకుల సంతల్లో ఒకప్పుడు గొప్ప పేరు. మొగుడు వెర్లిన్ బేరాలాడేవాడు, ఆమె జనం చేతులు చూసేది. "మొహం చూస్తే మోసపోతాం, చేతులు చూడాలి" అనేది. పక్క బల్లలవాళ్ళు టీకి వెళ్ళాలన్నా తమ సరుకు ఆమెకే అప్పజెప్పి వెళ్ళేవారు. ఇదంతా ఆమెకు మతిమరుపు జబ్బు రాకముందు మాట.

ఇప్పుడు పొద్దున వెర్లిన్‌ను పేరు పెట్టి పిలుస్తుంది, సాయంత్రానికి అతన్నే "మీరెవరి తాలూకండీ?" అని అడుగుతుంది. ఇంట్లో ఒంటరిగా వదిలితే పొయ్యి వెలిగించి మరిచిపోతుంది. సంత మానేసి ఇంటిపట్టున ఉండడం వెర్లిన్‌కు పుట్టుకతో రాలేదు. అందుకే ఆ రోజు సంతకి ఆమెను కూడా వెంటబెట్టుకొచ్చి, ఎప్పటిలాగే బల్లకు ఆ చివర మడతకుర్చీలో కూర్చోబెట్టాడు.

బల్ల మీది పిస్తోళ్ళన్నిటికీ ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియంలోంచి ఒకే ఉక్కుతీగ దూర్చి, చివర తాళం వేసి, అలారం తగిలిస్తారు. తీగ తెగితే చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, తాళంచెవితో తీస్తే మాత్రం నోరెత్తదు. బేరమాడేవాడి దగ్గర తాళంచెవి ఉండకూడదన్నది ఆ సంతల్లో పాత కట్టుబాటు. మాటల్లో పడితే వాడికి ఒళ్ళు తెలియదు కదా. అందుకని అది మొదటినుంచీ ఒలీటా మెడలోనే ఉండేది. ఆ పొద్దున వెర్లిన్ దాన్ని నెమ్మదిగా తీయబోతే గుప్పిట బిగించి, "ఏం, నేను దొంగనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోనీలే, తాళం గట్టిదే కదా అనుకుని ఊరుకున్నాడు. ఆమె మనసు నొప్పించడం కంటే తాళాన్ని నమ్మడమే సుఖమనిపించింది.

మధ్యాహ్నానికి హాలు కిక్కిరిసింది. ఒకడు పాత వేటతుపాకీ పట్టుకుని వెర్లిన్‌తో జిడ్డు బేరం సాగించాడు. వాణ్ణి వదిలించుకుని ఇటు తిరిగేసరికి పిస్తోళ్ళ వరసలో ఒకచోట ఖాళీ కనిపించింది. జేబులో ఇట్టే ఇమిడిపోయే పొట్టి రివాల్వర్ లేదు. తీగ బిగువుగానే ఉంది. తాళం పద్ధతిగా వేసే ఉంది.

"ఒలీటా, ఇక్కడిది ఏదీ?"

"రాయిస్‌కి ఇచ్చాను. చూసిస్తానన్నాడు. తాళం మళ్ళీ వేశాలే, నువ్వేం కంగారుపడకు" అందామె, చేసిన పనికి మెప్పు కోసం చూస్తూ.

రాయిస్ ఆమె తమ్ముడు. పోయి ముప్పై ఏళ్ళయింది.

పక్క బల్ల మీద కత్తులమ్మే డెల్మర్ నెత్తి కొట్టుకున్నాడు. "నేను చూస్తూనే ఉన్నా వెర్లిన్! ఒలీటా వదిన లేచెళ్ళి ఎవణ్ణో కావిలించుకుంది. తమ్ముడూ తమ్ముడూ అంటోంది. మీ చుట్టమేననుకున్నా. వాడూ 'అవునక్కా, నేనే' అన్నాడు. చుట్టాన్ని పట్టుకుని దొంగా అని ఎలా అరిచేది?"

వెర్లిన్ జనాన్ని తోసుకుంటూ గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు. అక్కడి కాపలాదారు లోపలికొచ్చే తుపాకులు ఖాళీగా ఉన్నాయో లేదో చూస్తాడు. బయటికి పోయేవి అతనికి పట్టవు.

"తుపాకీతో ఎవడైనా బయటికి పోయాడా?"

కాపలాదారు పకపకా నవ్వాడు. "బాగా అడిగావు పెద్దాయనా! అందరూ అలాగే పోతున్నారు. లేకపోతే ఇక్కడికి బుట్టల కోసమొస్తారా?"

నిజమే. గుమ్మంలోంచి పోయే ప్రతి మనిషి భుజానో నడుముకో ఒకటి ఉంది. ఎవణ్ణని ఆపుతాడు? ఆ పొట్టి రివాల్వర్ ఏ కొట్లో ఎవరి మొహం మీదికి లేస్తుందో! దొంగలుపడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టుంది తన పరుగు అనుకుంటూ వెనక్కి వచ్చాడు.

అప్పటికే డెల్మర్ పిలిచిన కుర్ర పోలీసు ఒలీటా ముందు నిలబడి రాసుకుంటున్నాడు. ఆమె మొహం వెలిగిపోతోంది. ఎన్నాళ్ళకో ఒక మనిషి ఆమె చెప్పేది శ్రద్ధగా వింటున్నాడు.

"గెడ్డం మీద సొట్ట ఉంటుంది బాబూ. కంచరగాడిద తన్నితే ఎడంకాలు కుంటుపడింది. రాగిరంగు జుట్టు."

"ఎక్కడుంటాడమ్మా?"

"పత్తిమిల్లు వెనక, మా అమ్మ దగ్గరే."

పోలీసు రేడియో నోటి దగ్గర పెట్టుకుని ఎర్రజుట్టు కుంటివాణ్ణి ఆపమని చెప్పేశాడు. అవన్నీ పోయిన రాయిస్ గుర్తులని, వాళ్ళమ్మా ఏనాడో పోయిందని వెర్లిన్‌కు తెలుసు. అసలువాడు రెండు కాళ్ళతో హాయిగా నడిచిపోతుంటాడు. చెప్పక తప్పదు. కానీ ఆమె ఎదుట ఎలా చెప్పడం? జబ్బు కొత్తల్లో ఒకసారి నిజం చెబితే, అప్పుడే విన్నదానిలా రోజంతా ఏడ్చింది. ఆనాటినుంచి రాయిస్ ఏడీ అంటే చేపలు పట్టడానికెళ్ళాడని చెబుతున్నాడు.

పోలీసును పక్కకు లాగబోయాడు. ఒలీటా ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని వదలలేదు.

"అతను లేడు బాబూ" అన్నాడు వెర్లిన్ గొణుగుతూ.

మైకులో ఎవరికో లాటరీ తగిలిందని ఊదరగొడుతున్నారు.

"ఏంటి సార్?"

"లేడంటున్నా."

"ఎక్కడికెళ్ళాడు? గట్టిగా చెప్పండి, వినపడట్లేదు!"

"చచ్చిపోయాడయ్యా! రాయిస్ ఎప్పుడో చచ్చిపోయాడు!"

మైకు అప్పుడే ఆగింది. ఆ మాట నాలుగు బల్లల అవతలి దాకా వినిపించింది.

ఒలీటా చెయ్యి జారిపోయింది. "రాయిసా?" అంది. "ఇప్పుడేగా నన్ను అక్కా అన్నాడు."

పోలీసు కలం ఆపి వెర్లిన్ వంక చూశాడు. వెర్లిన్ నేల చూశాడు. బల్ల అవతల ఎవరో ఒక పిస్తోలు మీద వేలుపెట్టి ఇదెంత అని అడిగారు.

ఆమె రెండు చేతులతో మొగుడి చొక్కా పట్టుకుంది. వెక్కుతూనే, ఆ పూట మొదటిసారిగా అతన్ని పేరు పెట్టి పిలిచింది.

"వెర్లిన్, అమ్మకి ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాలే" అన్నాడు.