కంపు పోయిన గుంత

తోళ్ళ కార్ఖానాలో మురుగుకి రెండు కాలవలు. తోలు మీది వెంట్రుకలు ఊడగొట్టే సున్నం, సల్ఫైడు నీళ్ళు ఒకదాంట్లో, ఆ తర్వాత తోలును నానబెట్టే ఆమ్లం నీళ్ళు ఇంకోదాంట్లో. పీహెచ్ కాగితం ముంచితే మొదటిది ముదురు నీలం, పన్నెండు. రెండోది ఎరుపు, మూడు. తేడా తొమ్మిది అంకెలే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో అంకె దిగినప్పుడల్లా ఆమ్లం ఘాటు పదింతలవుతుంది. ఆ రెండూ కలిశాయంటే సల్ఫైడు కాస్తా విషవాయువై పైకి లేస్తుంది. ఆమ్లం డ్రమ్ము నడిపే ఆమెకు ఈ సంగతి కంఠతా వచ్చు.

ఆ మధ్యాహ్నం డ్రమ్ము వాల్వు తిప్పి నీళ్ళు వదిలి ఆమె పెరట్లోకి వచ్చింది. సున్నం కాలవ గుంతకి మూత తీసి ఉంది. గట్టున మేస్త్రీ, అంటే ఆమె భర్త, గొంతుక్కూర్చున్నాడు. లోపల పూడిక తీస్తున్నది ఆమె తమ్ముడు.

"ఏరా, తవ్వుతున్నావా, కునుకు తీస్తున్నావా?"

"ఈ కంపులో కునుకా బావా! కుళ్ళిన గుడ్లు బుట్టెడు నెత్తిన పగలగొట్టినట్టుంది."

భర్త నవ్వాడు. కాసేపటికి లోపలి నుంచి మళ్ళీ గొంతు వినిపించింది.

"హమ్మయ్య! కంపు పోయింది బావా!"

ఆమె గుంత దగ్గరికి పరుగెత్తింది. ఆ విషవాయువు పలచగా ఉన్నంతసేపే కంపు కొడుతుంది. చిక్కబడితే ముందు ముక్కునే చంపేస్తుంది.

"నా డ్రమ్ము నీళ్ళు ఇందులోకి వస్తున్నాయా?"

"మీ ఆమ్లం కాలవ పూడిపోతే పొద్దున ఇటు కలిపాను. సాయంత్రం దాకా వదలవుగా?"

"ఇప్పుడే వదిలాను! ఒరేయ్, పైకి రా! ఎక్కెయ్!"

"వస్తున్నాన..."

మాట పూర్తి కాలేదు. నీళ్ళలో ఏదో బరువుగా పడ్డ చప్పుడు.

భర్త నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఆమె అతని నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"వదలవే! వాడు నీ తమ్ముడే!"

"దిగితే మీరూ పడిపోతారు! ఎవరైనా వాల్వు కట్టండి! ఫైరింజన్ని పిలవండి!"

చెంప మీద కొట్టాడు. ఆమె పట్టు వదల్లేదు. గుంతలోంచి ఇంకే చప్పుడూ రాలేదు.

ఫైరింజన్ వాళ్ళు మొహాలకు తొడుగులు వేసుకుని దిగారు. తమ్ముణ్ణి పైకి తెచ్చేసరికే అంతా అయిపోయింది.

ఆసుపత్రి వరండాలో తల్లి ఆమెను నిలదీసింది.

"అల్లుడు దిగబోతే నువ్వే ఆపావటగా?"

"దిగితే ఇద్దరూ పోయేవారమ్మా."

"పోయేవారని నువ్వు చూశావా?"

ఆమె భర్త వంక చూసింది. కాలవలు కలిపిన సంగతి ఇప్పుడైనా నోరు విప్పి చెబుతాడేమోనని. అతను తల దించుకున్నాడు.

తల్లి లేచి వెళ్ళి అల్లుడి చేతులు పట్టుకుంది.

"నువ్వైనా దిగబోయావు, బాబూ," అంటూ భోరుమంది.

అతను చేతులు వెనక్కి తీసుకోలేదు.