ఎవరూ గీయని బొమ్మలు

మాతో పనిచేసే చికాగె పోయాక ఆమె కంప్యూటర్ని యంత్రాల గదిలోకి మార్చింది రియెనే. సుగినామిలో బొమ్మల సినిమాలు తీసే మా స్టూడియో చిన్నది. కొత్త యంత్రాలు కొనే స్తోమత లేదు, సినిమా ఏమో వానలు వెనకబట్టేలోపు పూర్తి కావాలి. అంత బలమైన యంత్రాన్ని ఖాళీ బల్ల మీద వదిలేయలేం కదా. అందులో ఉన్నదంతా తుడిచేసి, మూడో వరస చివర నిలబెట్టి, మిగతా వాటితో కలిపింది.

మనుషుల్నీ వాళ్ల కదలికల్నీ తయారుచేసేది మేమే. ఆ తర్వాత వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎటు వాలాలి, తడిసిన చెక్క ఎలా మెరవాలి, ఇదంతా లెక్కగట్టి ఒక్కో బొమ్మనీ పూర్తిచేసేవి ఆ గదిలోని యంత్రాలు. తెర మీద ఒక్క సెకను గడవాలంటే ఇరవైనాలుగు బొమ్మలు కావాలి. కష్టమైన బొమ్మ అయితే ఒక్కదానికే పూటంతా పడుతుంది. అందుకని ఆ గదిలో యంత్రాల్ని చల్లబరిచే చలిగాలి హోరు ఎప్పుడూ ఆగదు. నలభై దాటిన రియె ఆ గదికి పెద్దదిక్కు. మాట కరుకు, మనసు మెత్తన. నేను పక్క గదిలో రంగులు చూసేదాన్ని.

మా సినిమాలో ఒక ముసలమ్మ ఉంది. ఆవిడ నడక, వంగడం, నిట్టూర్చడం అన్నీ చికాగె చేసినవే. మా అమ్మని చూసే చేశాను అనేది. జ్వరంతో ఆసుపత్రిలో చేరే ముందు ఆమె పూర్తిచేసిన ఆఖరి దృశ్యం చాలా చిన్నది. ముసలమ్మ వాకిట్లో నిలబడి వాన చూస్తుంది, లోపలికెళ్లి జారుడు తలుపు మూసుకుంటుంది. అంతే. ఆసుపత్రి నించి చికాగె తిరిగి రాలేదు.

ఆ దృశ్యం తయారైన రోజు పొద్దున రియె నన్ను పిలిచి, ఉండాల్సిన వాటికన్నా బొమ్మలు ఎక్కువున్నాయి, చూడమంది. తలుపు మూసుకున్నాక కూడా దృశ్యం సాగుతోంది. కాసేపు మూసిన తలుపూ, వానా. తర్వాత తలుపు జానెడు తెరుచుకుంది. సందులోంచి వేళ్లు బయటికొచ్చాయి.

చికాగె చేసిన పని తలుపు దగ్గరే ముగిసింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఏదో పొరపాటనుకుని రియె అవి తీసేసి మళ్లీ పంపింది. ఈసారి ముసలమ్మ బయటికొచ్చింది. వంగి అరుగు కిందకి చూసింది. లేచి, తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని లోపలికెళ్లింది. తలుపు మూసింది. మళ్లీ తెరిచింది.

వేరే యంత్రాలకి పంపితే దృశ్యం బుద్ధిగా తలుపు దగ్గర ఆగేది. మూడో వరస చివరిదానికి పంపితేనే సాగేది. రియె దాని డిస్కు మార్చింది, మెమరీ మార్చింది, గ్రాఫిక్స్ కార్డు మార్చింది. ఇనుప పెట్టె తప్ప పాతదేమీ మిగల్లేదు. అయినా ముసలమ్మ బయటికొస్తూనే ఉంది, ప్రతిసారీ ఇంకాస్త ముందుకి.

దర్శకుడు సకాకికి చూపించాం. ఆయన కుర్చీ ముందుకి లాక్కుని రెండుసార్లు చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నన్నడక్కండి సకాకి సాన్," అంది రియె. "జీతమివ్వకుండా పని చేయించుకోవడం మీకు అలవాటేగా."

ఎవరికీ నవ్వు రాలేదు. చేతులు తుడుచుకునేటప్పుడు బొటనవేళ్లు ముందు తుడవడం చికాగె పద్ధతి, వేరెవరికీ తట్టదు, అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, అదంతా చెరిపేయండి, ఆ యంత్రానికి ఇంక ఏ పనీ ఇవ్వకండి అన్నాడు. రియె అలాగే చేసింది.

చికాగె సామాను ఒక పెట్టెడు మా దగ్గర ఉండిపోయింది. టీ కప్పు, కుర్చీ మీద వేసుకునే దిండు, అలాంటివి. అవి ఇచ్చి రావడానికి రియె, నేను ఓమె అనే ఊరికి వెళ్లాం. అక్కడి వృద్ధాశ్రమంలో వాళ్లమ్మ ఫుసాయె ఉంటోంది. జ్ఞాపకం సరిగ్గా నిలవని మనిషి. వసారాలో అడుగుపెడుతూనే ఇద్దరం ఆగిపోయాం. ఆవిడ తలుపు జరిపి బయటికొచ్చింది. వంగి అరుగు కింద చూసింది. చేతులు తుడుచుకుంది, బొటనవేళ్లు ముందు. లోపలికెళ్లి తలుపు మూసింది. మళ్లీ తెరిచింది.

కూతురు పోయిన దగ్గర్నించీ రోజంతా ఇదే పని, ఆ అమ్మాయి చెప్పులు కిందున్నాయా అని చూసుకోవడం, అంతకు ముందు ఎప్పుడూ లేదు అంది అక్కడి నర్సు. నా చేతిలో పెట్టె బరువెక్కింది. దీన్ని చికాగె చూసి ఉండే వీలే లేదు.

ఫుసాయె రియె చెయ్యి పట్టుకుని, చికాగె ఎక్కడ పనిచేస్తోంది, నన్నక్కడికి తీసుకెళ్లు అని అడిగింది. రియె సరేనంది. ఆశ్రమం వాళ్లని ఒప్పించి మరో రోజు మధ్యాహ్నం వెంటబెట్టుకొచ్చింది.

ముందు చికాగె బల్ల చూపించాం. ఆవిడ తల అడ్డంగా ఊపి, హోరు వినిపిస్తున్న వైపు నడిచింది. యంత్రాల గది తలుపు మేం తెరవాల్సి వచ్చింది. వరసల మధ్య నించి తిన్నగా వెళ్లి, మూడోదాని చివర ఆగి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"ఇంకా కాలిపోతోంది. జ్వరం తగ్గనేలేదు."

పని లేని యంత్రం వేడెక్కదు. రియె కూడా చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

ఫుసాయె పసిపిల్ల వీపు నిమిరినట్టు ఆ ఇనుమును నిమిరింది. "చాలమ్మా. ఇంత పని ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నేను తలుపేసుకుంటాలే. పడుకో."

ఆ పెట్టెలో ఫ్యాను నెమ్మదించి, ఆగింది.

ఆవిణ్ని దిగబెట్టడానికి వెళ్తూ స్టేషన్ దగ్గర ఉదొన్ తిన్నాం, పులుసులో వేసిన లావు సేమ్యాలు. దారంతా చికాగె ఏదీ అని అడుగుతూ వచ్చిన మనిషి అక్కడ ఒక్కసారి కూడా అడగలేదు. గిన్నెలో పులుసు చుక్క మిగల్చకుండా తాగి, బావుందంది. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

తెలుసుకోకుండా ఉండలేక రియె ఆ దృశ్యాన్ని చివరిసారి ఆ యంత్రానికే పంపింది. తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఒక్క బొమ్మ కూడా రాలేదు. గండం గడిచింది అన్నాను నేను. "ఎవర్నో లోపల పెట్టి తలుపేసినట్టుంది," అంది రియె. ఓమెలో కూడా ఫుసాయె ఆ తలుపు జోలికి పోవడం మానేసిందని నర్సు ఫోన్లో చెప్పింది.

సినిమా అనుకున్న వేళకే పూర్తయింది. మొదటి ఆటకి రియె ఆవిణ్ని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. ఆ దృశ్యం వచ్చేసరికి ఫుసాయె రియె భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. లేపుదామని నేను వంగితే, వద్దని రియె సైగ చేసింది.